నాయన మోకాలి పోగులు

కబ్బన్‌పేటలో మా పాత ఇంటి అటక దులుపుతుంటే ఒక పౌడరు డబ్బా దొరికింది. తమ్ముడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, చప్పుడు రాకపోయేసరికి బంగారం కాదని తేల్చుకుని, ఉదారంగా నాకు ఇచ్చేశాడు. మూత తీస్తే లోపల పట్టు పోగులు. మొత్తం పదకొండు. ఒక్కొక్కటీ రెండు జానలకు కాస్త అటూ ఇటూగా ఉంది, రెండు కొసల్లోనూ ముడి. ఒకప్పుడు కుంకుమ రంగువి, ఇప్పుడు ఎండిన మందారపు రంగుకు వచ్చాయి. తమ్ముడి భార్య తొంగి చూసి, "ఇవేమిటొదినా, మంత్రించిన దారాలా?" అని ఒక అడుగు వెనక్కి వేసింది. "కాదు, మీ మామగారి మోకాలు" అన్నాను. ఆమె ఇంకో రెండడుగులు వెనక్కి వేసింది. డబ్బా సంచిలో వేసుకుని, బస్సెక్కి, ఇప్పుడు నేను కొడుకూ కోడలితో ఉంటున్న బొమ్మనహళ్ళికి వచ్చేశాను.

డెబ్బైల్లో కబ్బన్‌పేట సందులో మా ఇంటి ముందు గదిని మగ్గం తినేసింది. అది వదిలేసిన జాగాలో మేము ఉండేవాళ్ళం. గుంట మగ్గం అది. నేలలో గుంట తవ్వి, అడుగున తొక్కుడు చెక్కలు పెట్టి, నాయన గట్టు మీద కూర్చుని కాళ్ళు లోపలికి దించి నేసేవాడు. ఇంటికి వచ్చినవాళ్ళకు ఆయన సగమే కనిపించేవాడు. మిగతా సగం మట్టిలో, చెమ్మలో ఉండేది. వానల్లో ఆ గుంట గోడలు చెమట పట్టినట్టు తడిసేవి. తొక్కుడు చెక్కల చప్పుడుతో మాకు తెల్లవారేది, ఆ చప్పుడు ఆగితే పొద్దుగూకినట్టు లెక్క. నాయన నిలువెత్తు మనిషిగా కనిపించేది అమావాస్య నాడే, ఎందుకంటే ఆ రోజు నేతవాళ్ళు మగ్గం ముట్టరు. నెలకోసారి ఆయన పొడవు చూసి మేము ఆశ్చర్యపడేవాళ్ళం.

బడికీ నాకూ ఏడో తరగతితో తెగిపోయింది. పరీక్ష గదిలో ప్రశ్నలు చూసి, పాపం వీటికి నా వల్ల ఏ సాయమూ అందదని జాలిపడి లేచి వచ్చేశాను. అమ్మ రెండు తగిలించి రాట్నం ముందు కూర్చోబెట్టింది. కండెలు చుట్టేవాళ్ళకు చేతులకే పని, నోరు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని నేను ఒక్క రోజు కూడా వృథా పోనివ్వలేదు. పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి సందు మొత్తంలో నేను పేరు పెట్టని మనిషి లేడు, నన్ను తిట్టని మనిషీ లేడు.

అవ్వ మాత్రం నన్ను తిట్టేది కాదు, వాడుకునేది. అవ్వ అంటే నాయనను కన్నతల్లి. కళ్ళకు పొర కమ్మింది, ముక్కును నస్యం చంపేసింది, చెవులు మాత్రం పక్క వీధిలో పోపు పెడితే ఆవాలు లెక్కపెట్టేంత పదును. సందులో నేతవాళ్ళందరి మోకాళ్ళు, నడుములు, మణికట్లు ఆమె చేతి కింద ఉండేవి. ఆమె మందు ఒకటే, వావిలాకు నూనె. మా పక్కింటి కన్నడంవాళ్ళు లక్కి సొప్పు అనేవాళ్ళు. దాని వాసన మిరియమూ కర్పూరమూ ఒకే గదిలో కొట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. దంచినవాళ్ళ వెంట్రుకల్లో మూడు రోజులు ఉండిపోతుంది. అమావాస్య ముందు రోజు సంచెడు ఆకు ఈనెలు తీసి, రోట్లో దంచి, గుడ్డలో వేసి పిండితే ముదురు పచ్చని రసం దిగేది. దానికి గానుగ నువ్వుల నూనె కలిపి, కుంపటి మీద సన్న సెగన పెట్టి, మధ్యాహ్నం నుంచి దీపాల వేళ దాకా కాచాలి. కళ్ళు లేవు కాబట్టి చేసేది నేను, చేయించేది ఆమె. రసంలో నీళ్ళన్నీ ఇగిరి, ఆకు గుణం నూనెలోకి దిగిందా లేదా అన్నది వత్తి చెప్పాలి. నూనెలో వత్తి ముంచి వెలిగించి అవ్వ చెవి దగ్గర పట్టుకునేదాన్ని.

"ఏమంటాది?" అనేది, తనే వింటూ.

"గొణుగుతా ఉండాది అవ్వా."

"అయితే ఇంకా నీళ్ళు ఉండాది. గొణిగేది ఆగినాక దించు. నువ్వు ఎప్పుడు ఆగుతావో ఆ దేవునికే తెలియల్ల."

చిటపటలు పోయి వత్తి నోరు మూసుకుని వెలిగితే నూనె అయినట్టు. వడగట్టి సీసాలో పోసి, బిరడాకు బదులు మూతిలో పచ్చి వావిలాకు ముద్ద కుక్కేవాళ్ళం. అది ఎలా పనిచేస్తుందని అడిగితే అవ్వ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. నలిగిపోయిన కీలులోకి వేడీ నీరూ దూరి లోపలి నుంచి గడియ వేసుకుంటాయట, ఆకు పోయి తలుపు కొడుతుందట. ఇంతకంటే బాగా చెప్పిన డాక్టరును నేను ఈనాటి దాకా చూడలేదు, అర్థం కాకుండా చెప్పినవాళ్ళను మాత్రం చాలామందిని చూశాను.

అమావాస్యకే ఎందుకంటే, నూనెకూ పట్టుకూ పుట్టుకతో పగ. పట్టు మీద నూనె వేలు పడిందంటే ఆ మచ్చను బ్రహ్మదేవుడు కూడా తీయలేడు. అందుకని మగ్గం ముట్టని రోజు సందు సందంతా మా అరుగు మీద వరసగా కాళ్ళు చాపుకుని కూర్చునేది. అవ్వ ఒక్కొక్కరి కీలు తడిమి, నూనె పట్టించి, మర్నాడు సీకాయతో కడుక్కోమని పంపేది. నాయనకు మాత్రం రోజూ పట్టించేది, సాయంత్రం గుంటలోంచి లేచాక ఒక గంట. పొద్దున్నే ఆయన సీకాయ పెట్టి తోముకుని, మోకాలికి పాత పంచె చింపి చుట్టుకుని, మళ్ళీ గుంటలోకి దిగేవాడు.

ఆ ఏడు వానలు ఎక్కువ. నాయన కుడి మోకాలు వాచి, చిప్ప ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే మాత్రలిచ్చి, కాలు వంచకుండా కొన్నాళ్ళు ఉండమన్నాడు. "కాలు వంచకుండా నేసే మగ్గం యాడన్నా ఉంటే చెప్పండి సార్" అని నాయన వినయంగా అడిగి వచ్చేశాడు. అప్పుడు అవ్వ తన తీర్పు చెప్పింది.

"ఈ అమావాస్య నుంచి వచ్చే అమావాస్య దాకా చూస్తా. నా నూనెకి కూడా వినకపోతే గుంట పూడ్చేయల్ల. నాకు కొడుకు కావల్ల, కుంటోడు వద్దు."

అవ్వ మాటకు మా ఇంట్లో అప్పీలు లేదు. గుంట పూడిస్తే నాయనకు మిగిలేది సందు చివర మర మగ్గాల షెడ్డు. అక్కడ నిలబడి చూడడం తప్ప నేయడం ఉండదని నాయన అభిప్రాయం. ఆయన తొక్కుడు చెక్కల వైపు ఒకసారి చూశాడు.

ఆ షెడ్డులో అప్పటికే చేరినవాడు సుబ్బణ్ణ చిన్నాయన, నాయనకు చిన్నాన్న కొడుకు. చేరిన ఆరు నెలలకే చేతికి గడియారం వచ్చింది, దాంతోపాటే మణికట్టుకు వాపు కూడా వచ్చింది. గడియారం బెల్టు చిట్టచివరి బెజ్జంలో పెట్టుకున్నా చర్మం మీద గాడి పడేది. అయినా రోజూ మా అరుగెక్కి, "అన్నా, గుంటకి ఎర్రమన్ను బండి చెప్పేదా? ఇప్పుడే చెప్తే తడి లేకుండా తోలుతారు" అని నాయనను ఎగతాళి చేసేవాడు. ఆకులో ఏమీ లేదని అతని వాదం.

"రోజంతా మగ్గం ఆపి కూర్చుంటే ఎవుని నొప్పి అయినా తగ్గతాది. మిగిలింది మీ అవ్వ చేతి వేడి. ఆకు సుమ్నే, ఉత్త వాసనకి."

అవ్వ మీద ఎవరైనా జోకు వేస్తే నాకు కోపం, ఎందుకంటే ఆ శాఖ నాది. "అయితే పందెం. ఓడినోళ్ళు ఏడాది పొడుగునా వావిలాకు మోయల్ల" అన్నాను.

నా పథకం చాలా గొప్పది, గొప్ప పథకాలన్నిటిలాగే. ఆ నెల అవ్వ మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు, వావిలాకు నూనెతో పాటు దొంగతనంగా ఇంకొకటి కాచాను. తోటకూర రసం, అదే నువ్వుల నూనె. పచ్చదనానికి పచ్చదనం, వత్తి పరీక్షలో కూడా ఫస్టు క్లాసులో పాసయింది. రెండూ ఒకే మాదిరి సీసాలు, మూతుల్లో ఒకే ఆకు ముద్దలు. చిన్నాయనకు తోటకూర పూయించాలి, అతను "ఏమీ తగ్గలేదు" అనగానే సందు మధ్యలో నిలబెట్టి గుట్టు విప్పాలి. గుర్తుకు అసలు సీసా మెడకు ఒక కుంకుమ రంగు పట్టు పోగు చుట్టి, రెండిటినీ మగ్గం పక్క గూట్లో పెట్టి పడుకున్నాను.

అమావాస్య పొద్దున చూస్తే రెండు సీసాలూ బోడి మెడలతో ఉన్నాయి. ముందు రాత్రి నేను పడుకున్నాక, దీపం పెట్టుకుని నేస్తున్న నాయనకు చివరి బారలో పడుగులో పోగు తెగింది. తెగిన పోగును అతకడానికి అదే రంగు ముక్క కావాలి. నేతగాడి చెయ్యి అలాంటప్పుడు తలను అడగదు. గూట్లోకి పోయింది, సీసా మెడకు కనిపించిన పోగు లాగింది, అతికింది. నా గుర్తు చీరలో కలిసిపోయి ఉంది, రేపో మాపో ఎవరో పెళ్ళికి కట్టుకుపోతారు. మూతి దగ్గర ముక్కు పెట్టి చూశాను, రాత్రంతా ఆకు ముద్ద నాని రెండు నూనెలకూ అదే వాసన. అప్పటికే అవ్వ ఒక సీసా ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. సుబ్బణ్ణ చిన్నాయన మణికట్టుతో సహా సందంతా ఆ సీసాతోనే అయిపోయింది. మిగిలింది నాయనకని గూట్లో పెట్టింది.

అప్పుడే చెప్పేసి ఉంటే ఒక చెంపదెబ్బతో పోయేది. చెప్పలేదు. అందరి మీదా జోకులు వేసేవాళ్ళకు తమ మీద ఒకటి పడితే మోయడం రాదు.

నోరు విప్పకుండా తెలుసుకోవడం ఎలాగా అని ఆలోచిస్తే పోగే గుర్తొచ్చింది. రెండో రోజు సాయంత్రం నూనెకు ముందు, నాయన మోకాలి పుట్టుమచ్చ మీదుగా ఒక పోగు చుట్టి, కలిసిన చోట తుంచి, ముడేశాను.

"కొలతలేమిటికి రత్నమ్మా?"

"మోకాలికి జాకెట్ కుట్టిస్తా నాయనా. చలికి వణకతా ఉండాది."

"చేతులుండేదా, లేనిదా?" అన్నాడు. నా నోరు ఎవరి నుంచి వచ్చిందో మీకు అర్థమై ఉంటుంది.

రెండు రోజులకొక పోగు. రెండోది మొదటిదానికంటే గోరంత ఎక్కువ. మూడోది ఇంకో గోరు. అవ్వ రోజూ గంట సేపు రుద్ది, "ఎట్ల ఉండాదిరా?" అని అడిగేది. "తగ్గిందమ్మా, బాగా తగ్గింది" అనేవాడు నాయన. అవ్వ పొంగిపోయి సీసా చేతికిచ్చేది, నేను దాన్ని పామును పట్టుకున్నట్టు పట్టుకుని గూట్లో పెట్టేదాన్ని.

అటు సుబ్బణ్ణ చిన్నాయన రోజూ వచ్చి, "గోరంత కూడా తగ్గలేదు, చెప్తిని కదా" అనేవాడు. నాలుగో రోజు అలా అంటూ చెయ్యి ఊపినప్పుడు చూశాను. గడియారం బెల్టు చివరి బెజ్జంలో లేదు, రెండు బెజ్జాలు లోపలికి వచ్చింది.

"చిన్నాయనా, బెల్టు బిగించినావే?"

"తోలు కదమ్మే. సాగింది."

"నాలుగు దినాలకేనా? ఆ బెల్టు తోలుదా, సర్కస్ గుడారానిదా?"

చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. పందెం ఓడకూడదని బాగైన మణికట్టును దాచిపెట్టుకుంటున్న మనిషిని అప్పుడే చూశాను. నవ్వు రావలసిన చోట నాకు గూట్లో సీసా గుర్తొచ్చింది. సందుకు పోసింది అసలు నూనె అయితే, గూట్లో ఉన్నది తోటకూర. అసలు నూనె తగిలినవాడు తగ్గలేదంటున్నాడు, కూరాకు నూనె తగిలినవాడు తగ్గిందంటున్నాడు. నోళ్ళు రెండూ చెరో వైపు అబద్ధమాడుతుంటే, నిజం ఒక బెల్టు బెజ్జంలోనూ, నా పౌడరు డబ్బాలోనూ ఉంది.

ఆ తర్వాత కూడా ఇంకా కొన్ని రోజులు ధైర్యం చాలలేదు. ఆరో పోగు మొదటిదానికంటే వేలెడు పొడుగొచ్చింది. నాయన గుంటలోంచి లేవడానికి పడుగు దూలం పట్టుకోవడం మొదలుపెట్టాడు, అవ్వకు వినపడకుండా ఊపిరి బిగబట్టి. ఒక పొద్దున అవ్వ గుడికి పోయినప్పుడు మగ్గం పక్కన కూర్చున్నాను.

"నొప్పి ఎట్ల ఉండాది నాయనా?"

"తగ్గింది."

"ఎంత?"

"తగ్గిందంటే తగ్గింది. నొప్పిని తక్కెట్లో పెడతారా?"

ఆరు పోగులూ వరసగా గట్టు మీద పరిచాను. ఇది అమావాస్య మర్నాటిది, ఇది మూడు రోజుల కిందటిది, ఇది నిన్నటిది. ఆయన అటూ ఇటూ పోగు విసిరే నాడె పక్కన పెట్టాడు. మొదటిదీ చివరిదీ తీసుకుని, ముడీ ముడీ కలిపి, రెండో కొసల తేడా వేలి మీద చూసుకున్నాడు. వెంట్రుకవాసి తేడా కళ్ళు మూసుకుని పట్టే వేళ్ళవి.

"నేసేవాడికి పోగు చూపిస్తివే" అన్నాడు.

అప్పుడు తోటకూర సంగతి మొత్తం చెప్పాను. చెంప సిద్ధంగా పెట్టుకున్నాను.

"తోటకూరా?"

"ఊఁ."

"పప్పులో వేసేదా?"

"అదే."

ఆయన నవ్విన నవ్వుకు మగ్గం ఊగింది. ఊగుతున్న పడుగును అరచేత్తో ఆపి, తర్వాత నవ్వు కూడా ఆపేశాడు.

"మీ అవ్వకి తెలుసునా?"

"తెలీదు."

"తెలియకూడదు. నేనేమీ పూర్తిగా అబద్ధం చెప్పలేదు రత్నమ్మా. ఆమె రుద్దే ఆ గంట నిజంగానే నొప్పి ఉండదు. గుంటలోకి దిగినాక మళ్ళా వస్తాది. అది చెప్తే, నూనెకి వినలేదని గుంట పూడ్చమంటాది." మోకాలి మీద పంచె పీలిక సర్దుకున్నాడు. "చెయ్యి మీ అవ్వదే ఉండనీ. ఆకు మాత్రం అసలుది తెచ్చి పెట్టు. బేగ పో."

ఆ రోజే పోయాను. బొమ్మనహళ్ళి అప్పట్లో ఊరు కాదు, రాగి చేలు. హోసూరు రోడ్డు పక్కన చేల గట్ల మీద వావిలి కంచెలాగా పెరిగేది. సుబ్బణ్ణ చిన్నాయన సైకిలు మీద వెనకే వచ్చాడు. బెల్టు బెజ్జాలు సాక్ష్యం చెప్పాక అతనికి వేరే దారి లేదు. ఏడాది పొడుగునా మోశాడు కూడా, మోసిన ప్రతిసారీ "తోటకూరలో కూడా గుణం ఉండాది లే, మీ నాయన నొప్పి తగ్గిందన్నాడు కదా" అని వాదిస్తూనే. కొత్త నూనె కాచాను. అవ్వకు గూట్లో సీసా బరువెక్కినట్టు అనిపించిందేమో, ఒకసారి చేత్తో తూచి, రుద్దడానికి కూర్చుంది.

ఏడో పోగు ఆరోదానితో సమానం. ఎనిమిదోది గోరంత తగ్గింది. ఆ తర్వాత ప్రతి పోగూ తన ముందుదాన్ని చూసి సిగ్గుపడినట్టు పొట్టిదవుతూ వచ్చింది. పదకొండోది మొదటిదానికంటే కూడా కొంచెం తక్కువ, అంతే. అక్కడ ఆగిపోయింది. చెమ్మ గుంటలోనే ఉంది, పనీ గుంటలోనే ఉంది, ఆకు తలుపు కొట్టగలదు కానీ ఇల్లు మార్చలేదు. అయినా వచ్చే అమావాస్యకు అవ్వ మోకాలు తడిమి, చిప్ప చుట్టూ వేలు తిప్పి, "ఉండనీ లే గుంట" అంది. నాయన ఆ గుంటలో ఇంకా చాలా ఏళ్ళు నేశాడు. ఎనభైల్లో ఎప్పుడో, అవ్వ పోయాక, సందులో గుంట మగ్గమని చెప్పుకోవడానికి మాది ఒక్కటే మిగిలినప్పుడు, తనే పూడ్చుకున్నాడు. మన్ను బండి చెప్పింది సుబ్బణ్ణ చిన్నాయనే. ఆ రోజు మాత్రం ఎవరూ జోకు వేయలేదు, నేను కూడా.

ఇప్పుడు నేనుండేది అదే బొమ్మనహళ్ళి. వావిలి గట్లున్న చోట బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు లేచాయి. నా కోడలు కవిత వాటిలో ఒకదానిలో కాలితో మిషను తొక్కుతుంది. మా వంశంలో ఆడా మగా తొక్కుతూనే ఉన్నాం, చెక్కలు మారాయంతే. నా మోకాలు వాచింది. డాక్టరు ఒక ట్యూబు రాశాడు. మందుల షాపు కుర్రదాన్ని అందులో ఏముందో చదవమంటే, సంస్కృతంలో ఏదో పేరు చదివింది. మూత తీసి వాసన చూశాను, చదవక్కర్లేకపోయింది. మిరియమూ కర్పూరమూ ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నాయి, కాకపోతే ఇప్పుడు కొంచెం మర్యాదగా. రోట్లో దంచక్కర్లేదు, వత్తి గొణుగుడు వినక్కర్లేదు, పట్టు చీరకు మచ్చ పడదు. గంట సేపు ఎవరూ రుద్దక్కర్లేదని కూడా దాని మీద రాసి ఉందట, పలచగా రాసి వదిలేస్తే చాలట.

కవిత ఆ మాట వినదు. ఎనిమిది గంటలు మిషను తొక్కి సాయంత్రం ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని రుద్దుతుంది. నేను వద్దంటాను, కాలు మాత్రం తీయను. మొన్న ఆమె రాకముందు డబ్బా తెరిచి, ఆరోదో ఏడోదో, అన్నిటికంటే పొడుగు పోగును నా మోకాలి చుట్టూ పెట్టి చూసుకున్నాను. కొసలు కలవలేదు. రెండు వేళ్ళ ఎడం. పోగు మడిచి డబ్బాలో పెట్టి, డబ్బా బీరువా మీదికి తోసేశాను.

"తగ్గిందా అత్తా?" అంది కవిత, రుద్దడం అయ్యాక.

"తగ్గింది. బాగా తగ్గింది."

ఈ మోకాలి పోగుల కథ అంతా పోయిన వారమే ఆమెకు నవ్వుతూ చెప్పాను. నోరు ఖాళీగా ఉంచుకోలేకపోవడం నా జబ్బు, దానికి ఏ ఆకూ లేదు. కుట్టుపని వాళ్ళకు మెడలో టేపు ఇంటికొచ్చినా దిగదు. ఆమె నెమ్మదిగా ఆ టేపు తీసింది.

"ఏమిటికే, మోకాలికి జాకెట్ కుడతావా?" అన్నాను.

"కాలు చాపత్తా" అంది.

చాపాను.